ముందు రెండు కొసలు

2023 ఆషాఢం. చిక్కబళ్ళాపురం దాటి బాగేపల్లి వైపు వెళ్ళే రోడ్డు పక్కన, రేకుల కప్పు వేసిన పెద్ద షెడ్డులో మేము తెరచాపలు కుడతాం. ఈ మాట చెప్పగానే ఎవరైనా ముందు నవ్వుతారు. "సముద్రం యాడ, చిక్కబళ్ళాపురం యాడ?" అని మా అత్తగారి చెల్లెలు ఇప్పటికీ పండగ పండగకూ అడుగుతుంది. తెరచాప కుట్టడానికి సముద్రం పక్కన ఉండాలన్న నియమం లేదు. దుమ్ము లేని నున్నటి నేల కావాలి, బరువైన బట్ట మీద వంకర పోకుండా కుట్టే చేతులు కావాలి. గార్మెంట్ ఫ్యాక్టరీల్లో, షామియానా దుకాణాల్లో చేయి తిరిగినవాళ్ళు మా చుట్టుపక్కల బాగా దొరుకుతారు. కుట్టినవి పార్సిల్ లారీల్లో గోవాకు, కొచ్చికి, చెన్నైకి పోతాయి.

నేను చదివింది టెక్స్‌టైల్ ఇంజినీరింగ్. షెడ్డులో నా పని తనిఖీ. కొత్త తెరచాప బయటికి పోయే ముందు చూసేది నేనే, పాతది మరమ్మతుకు వస్తే మొదట విప్పేదీ నేనే, కొనేవాళ్ళతో మాట్లాడేదీ నేనే. పాప పుట్టాక సెలవు ముగించుకొని అప్పుడే మళ్ళీ పనిలో చేరాను. పాపకు ఏడాది నిండింది. దేనికైనా భయపడే కాలం అది. కుక్కర్ విజిల్ గట్టిగా వస్తే భయం, పాప ఎక్కువసేపు నిద్రపోతే భయం. నాలాంటి మనిషిని తనిఖీకి పెట్టుకోవడం యజమానికి మాత్రం లాభమే.

ఆ ఆషాఢంలో ఒక మంగళవారం పొద్దున వెంకటరవణప్ప, ఆయన భార్య రత్నమ్మ వచ్చారు. వాళ్ళది బాగేపల్లి తాలూకా మిట్టేమరి. పొలాలున్న పాత కుటుంబం. ఆయన మాత్రం చిన్నప్పుడే ఊరు విడిచి సరుకుల ఓడల్లో ఫిట్టరుగా చేరి, ఇరవై ఏళ్ళకు పైగా ఇంజన్ల మధ్య గడిపి తిరిగి వచ్చాడు. వచ్చాక అందరిలా బోరు వేయించుకోకుండా, గోవాలో ఒక విదేశీ జంట అమ్ముకున్న ముప్పై అడుగుల పాత తెరచాప పడవ కొన్నాడు. వానలు తగ్గాక కార్వారు, మల్పె, మంగళూరు మీదుగా తీరం వెంబడి కొచ్చి దాకా, ఇద్దరే పోవాలని ఆయన కోరిక.

మా షెడ్డులో గడప దగ్గరే చెప్పులు విడవాలి. ఒక్క ఇసుక రేణువు చాలు, తెల్లటి బట్టను గీరేస్తుంది. కుట్టు మిషన్లను నేలలో గుంటలు తీసి దింపి ఉంచాం, బట్ట నేలకు సమంగా జారడానికి. మిషన్ ముందు కూర్చున్నవాళ్ళు నడుము దాకా నేలలో ఉన్నట్టు కనిపిస్తారు. రత్నమ్మ చెప్పులు విడిచి, లోపలికి తొంగి చూసి, "ఏందమ్మా, గుళ్ళోకి వచ్చినట్టుండాది. వీళ్ళను యాల పూడ్చిపెట్టినారు?" అంది. గుంటలో ఉన్న గోవిందప్ప పగలబడి నవ్వాడు. ఆయన మా పెద్ద కుట్టుపనివాడు. చింతామణిలో షామియానాలు కుట్టి కుట్టి మా దగ్గరికి వచ్చినవాడు.

వాళ్ళు కారులో తెచ్చిన పాత తెరచాపను నేలమీద పరిచాం. పడవ మధ్య స్తంభానికి ఎక్కించే పెద్ద తెరచాప అది. ఇలాంటిది వచ్చినప్పుడు నేను మొదట చూసేది బట్టను కాదు, దారాన్ని. ఎండ ముందుగా తినేది దారాన్నే. బొటనవేలి గోటితో కుట్టు మీద అడ్డంగా గట్టిగా గీరాలి. దారం నిలబడితే ఇంకో కాలం పనికొస్తుంది. పొడిలా రాలితే బట్ట ఎంత తెల్లగా ఉన్నా ఆ కుట్టు చచ్చినట్టే లెక్క. ఈ తెరచాప వెనక అంచు పొడుగునా దారం నా గోటి కింద రాలిపోయింది. పడవ రేవులో ఉన్నన్నాళ్ళూ దీనికి గుడ్డ తొడుగు వేయలేదని అర్థమైంది. తెరచాపను గాలి కంటే ఎండే ఎక్కువగా చంపుతుందని, తొడుగు వేయడానికి బద్ధకించవద్దని నేను అందరికీ చెప్పే మొదటి సలహా.

"కొత్తది కుట్టించుకోవడమే మేలు అప్పా," అన్నాను.

"కుట్టండమ్మా. కొలతలు తీసుకోండి. రీఫ్ ఒకటి చాలు," అన్నాడు వెంకటరవణప్ప.

రీఫ్ అంటే గాలి ఎక్కువైనప్పుడు తెరచాపను చిన్నది చేసుకునే ఏర్పాటు. తెరచాపను కొంత కిందికి దించి, కింది భాగాన్ని మడిచి, దాని అడుగున అడ్డంగా ఉండే బూమ్ అనే దూలానికి కట్టేస్తారు. పైన మిగిలిన చిన్న తెరచాపతో పడవ నిదానంగా, ఒరిగిపోకుండా పోతుంది. ఒక రీఫ్ ఉంటే ఒక మెట్టు, రెండుంటే రెండు మెట్లు.

"ఇద్దరే పోతున్నారు కదప్పా. రెండు పెడదాం," అన్నాను.

"ఎందుకమ్మా రెండు? నేనుండాను కదా!"

అప్పటిదాకా గోవిందప్ప మిషన్ను చూస్తూ నిలబడిన రత్నమ్మ తల తిప్పింది. "నువ్వు లేకుంటే?" అంది.

"నేను యాడికి పోతాను?"

"నీళ్ళల్లోకి. లేదంటే జ్వరమొచ్చి పండుకుంటావు. అప్పుడు నేనొక్కదాన్నే ఈ దుప్పటిని ఎట్ల దించేది?" ఆమె గొంతు పెంచలేదు. నా వైపు తిరిగి, "అమ్మా, ఆయప్ప ఇరవై ఏండ్లు ఓడల్లో ఉన్నాడు. కాదనను. ఆ ఓడల్లో నేను లేను. ఈ పడవలో ఉంటాను. ఇది నేనొక్కదాన్నే చిన్నది చేయగలిగితే వస్తా. చేయలేనా, రాను. ఆయప్పను ఒంటిగానూ పోనీను. పడవ అమ్మేస్తాము, అంతే," అంది.

వెంకటరవణప్ప ముఖం చూశాను. నవ్వబోయి ఆగాడు. ఇది ముందే ఇంట్లో తేలిపోయిన ఒప్పందమని, ఆయన ఇన్నేళ్ళ కోరిక ఈ ఒక్క మాట మీద నిలబడి ఉందని అర్థమైంది.

మా పెరట్లో ఎత్తయిన ఇనుప స్తంభం ఒకటుంది. దానికి ఛాతీ ఎత్తులో ఒక గొట్టాన్ని బూమ్ లాగా బిగించి ఉంచాం. కుట్టిన తెరచాపను ఎక్కించి ఆకారం చూసుకోవడానికి అది. "పాతది ఎట్లాగూ ఉంది కదా, దీని మీదే ఒకసారి నేర్చుకోండమ్మా. దీనికి రీఫ్ ఒకటుంది," అన్నాను. పొద్దున కనుక గాలి మెత్తగానే ఉంది.

రీఫ్ కట్టడంలో ఒక వరస ఉంది. తెరచాపను పైకి లాగే తాడును హాలియార్డ్ అంటారు. ముందు దాన్ని వదులు చేసి తెరచాపను కొంత దించాలి. స్తంభం వైపున్న ముందు కొసలోని రింగును కొక్కేనికి తగిలించాలి. హాలియార్డ్‌ను మళ్ళీ బిగించాలి. తర్వాత వెనక కొసలోని రింగుకున్న తాడును బూమ్ చివరికి గట్టిగా లాగి కట్టాలి. ఇవన్నీ అయ్యాక, మధ్యలో వేలాడే మిగులు బట్టను, తెరచాప నడిమి కన్నాల్లో దూర్చిన చిన్న చిన్న కట్లతో చుట్టి పెట్టుకోవాలి. ఇదంతా నేను ఒకసారి చేసి చూపించాను. రత్నమ్మ కొంగు దోపుకొని దిగింది.

హాలియార్డ్ పట్టుకొని వెంకటరవణప్ప. "దించు, దించు! తగిలించు! గట్టిగా కట్టు, ఓడలో సరుకు కట్టినట్టు కట్టాల. సడలకూడదు!" అని ఒకటే కేకలు. ఆమె ముందు కొసను చక్కగా తగిలించింది. ఆయన తాడు బిగించాడు. తర్వాత ఆమె చేతులు వాటంతట అవే బట్ట మధ్యకు పోయాయి. మధ్యలోని రెండు కట్లను బూమ్ చుట్టూ తిప్పి, మోకాలు ఆనించి, బిగి ముడి వేసింది. వెనక కొస ఇంకా వదులుగానే వేలాడుతోంది.

"అమ్మా, ఆగండి, వెనక కొస…" అని నేను అంటూ ఉండగానే నంది కొండ వైపు నుంచి ఆషాఢం గాలి ఒక్క ఊపున వచ్చింది. ఈ నెలలో మా ఊళ్ళ మీద పిల్లలు గాలిపటాలు ఎగరేసేది ఆ గాలితోనే. తెరచాప నిండింది. టప్పుమని మొదలై, గోనె చించినట్టు చప్పుడు అయింది. మధ్య కట్టు ఉన్న కన్నం దగ్గర పుట్టిన చిరుగు పక్క కన్నం దాకా, అక్కడి నుంచి ఇంకో కన్నం దాకా పాకింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. గోవిందప్ప పరుగున వచ్చి హాలియార్డ్ వదిలించాడు. రత్నమ్మ షెడ్డు మెట్టు మీద కూర్చుండిపోయింది. చేతుల వైపు చూసుకుంటూ, "ఇది నా చేత కాదమ్మా. ఇంటి పక్కనే ఇట్లయితే నీళ్ళ మీద ఏమి?" అంది.

"బట్టే పాతది గదా, చినగక ఏమయితాది," అన్నాడు ఆయన. తర్వాత నన్ను చూసి, "అంతా బాగుండె. ఈ నేర్పించే పని పెట్టి నా పెండ్లానికి భయం పెట్టినావు కదమ్మా," అన్నాడు.

"ఆయమ్మను అనొద్దు," అంది రత్నమ్మ. "భయం నాది. నేనే ఇంటినుంచి తెచ్చుకొన్నా."

మరునాడు ఆయన ఫోన్ చేశాడు. కొత్తది కోయొద్దు, ఆపండి అన్నాడు. పడవ చూడడానికి ఎవరో వస్తాండారని కూడా అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

చిరిగిన తెరచాప మా దగ్గరే ఉండిపోయింది. దాన్ని మళ్ళీ పరిచి మోకాళ్ళ మీద కూర్చొని చూశాను. మామూలుగా ముసలి బట్ట చిరిగితే కుట్టు చచ్చిన చోట చిరగాలి. అంటే వెనక అంచున. అక్కడ చిరగలేదు. అన్నిటికన్నా గట్టిగా ఉన్న నడిమిభాగంలో, కట్టు వేసిన కన్నంలోంచి మొదలైంది. బట్ట ముసలితనం చిరుగును పొడుగు చేసింది, నిజమే. మొదలుపెట్టింది మాత్రం అది కాదు.

గోవిందప్ప పక్కన కూర్చున్నాడు. "ఈ కన్నాలు బరువు మోసేవి కాదు కదా తల్లీ," అన్నాడు. మా దగ్గర చేరిన కొత్తలో ఆయనకు ఈ కన్నాల మీదే కోపం. షామియానాలో కన్నాలన్నీ దారం పట్టి గీసినట్టు ఒకే వరసలో ఉండాలి. తెరచాపలో మాత్రం రెండు కొసల రింగులను కలిపే గీతకు నడిమి కన్నాలు వేలెడు కిందికి ఉండాలి. అప్పుడే లాగుడంతా రెండు కొసల మీద పడి, నడిమి కట్లు ఖాళీగా ఉంటాయి. ఎంత చెప్పినా ఆయన చేయి ఆ కన్నాలను తిన్నగా దిద్దేసేది. కిందికి దింపడం అలవాటు కావడానికి చాలా రోజులు పట్టింది. రత్నమ్మ చేయికి కూడా ఏదో అలవాటు ఉండి ఉంటుందని నాకు అప్పుడే అనిపించింది.

ఆ ఆదివారం మిట్టేమరి వెళ్ళాను. మా అత్తగారికి ఒంట్లో బాగాలేక పాపను వెంట తీసుకుపోయాను. చిరిగిన చోట ఒక ముక్క కోసి సంచిలో పెట్టుకున్నాను. బాగేపల్లిలో బస్సు మారేసరికి పాప ఏడుపు అందుకుంది. వాళ్ళ ఇల్లు చేరేసరికి నా జుట్టంతా దాని గుప్పిట్లోనే ఉంది.

వెంకటరవణప్ప పొలానికి పోయి ఉన్నాడు. రత్నమ్మ నన్ను చూసి ఆశ్చర్యపోయినా ఏమీ అడగలేదు. ముందు మజ్జిగ ఇచ్చింది. నేను ముక్క తీసి చూపిస్తూ, తప్పు బలంలో లేదని, వరసలో ఉందని చెప్పాను. నడిమి కట్టు ముందెందుకు వేశారని అడిగాను.

"గడ్డి లోడుకు అట్లనే కదమ్మా వేసేది," అంది. "ట్రాలీ మింద గడ్డి పేరిస్తే ముందు నడుము కట్టేస్తాము. నడుము బిగిస్తే లోడు కూర్చుంటాది. కొసలు కడాకు. ఏ కట్టు సడలినా మలుపులో పక్కకు వాలుతాది. పెండ్లయినప్పటి నుంచి కడతాండా, ఒక్కటి వాల్లేదు."

అదీ సంగతి. ఇంకోటి, ఆయన కూడా సరుకు కట్టినట్టు కట్టమనే కేకలు వేశాడు. కదలని బరువును కట్టడం ఇద్దరికీ వచ్చు. తెరచాప కదలని బరువు కాదు, బతికి ఉన్న లాగుడు. ఈ తేడాను ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. బలాలు, కోణాలు అని మొదలుపెడితే ఆమె మర్యాదగా తలాడించి ఊరుకుంటుంది. ఇంతలో పాప మళ్ళీ రాగం అందుకుంది.

"దాన్ని ఇట్లియ్యి తల్లీ, నిద్రకు ఏడుస్తాంది," అని రత్నమ్మ లేచింది. జోలె ఉయ్యాల కట్టడానికి పాత చీర తెచ్చింది. వసారా దూలానికి ఉన్న రెండు కొక్కేలలో ఒకదానికి ఒక కొస కట్టింది. రెండో కొస రెండోదానికి. చేతితో మధ్యలో రెండుసార్లు బలంగా కిందికి నొక్కి చూసింది. జోలె నిలబడింది. నాకు నమ్మకం చాలక నేనూ ఒక ముడి పట్టుకొని లాగాను. ఇంకోటీ లాగాను.

"ఏందమ్మా, నా ముడి మింద నమ్మకం లేదా?" అని నవ్వింది. పాపను పడుకోబెట్టి, మిగిలిన చీర మడతను పక్కకు చుట్టి, గుడ్డ పేలికతో వదులుగా ఒక ముడి వేసింది, ముఖం మీద పడకుండా.

"అమ్మా, ఆ పేలికను గట్టిగా ఎందుకు కట్టలేదు?" అన్నాను.

"దాన్ని బిగిస్తే బరువంతా దాని మిందనే పడదా? చినిగి బిడ్డ కింద…" అంటూ ఆగిపోయింది. జోలె వైపు చూసింది. నా చేతిలోని ముక్క వైపు చూసింది. "ఓయమ్మ," అంది.

నేను ఇంకేమీ చెప్పనవసరం లేకపోయింది. ఆమే లేచి జోలె దగ్గర నిలబడి వేలితో చూపించింది. "ఇది ముందు కొస. ఇది ఎనక కొస. రెండూ కట్టి, నొక్కి చూసి, ఆమింద కదా పేలిక. నేను ఎనక కొస కట్టకుండానే పేలిక బిగిస్తి."

"అంతేనమ్మా."

"ఇంతదానికి ఆయప్ప సరుకు, ఓడ అని కేకలేస్తాడా!" అని కొంచెంసేపు జోలె ఊపింది. తర్వాత, "కొత్తది కుట్టండి. రెండు మెట్లు పెట్టండి. నేనొచ్చి చేసి చూస్తాను. చేయి వస్తే వచ్చినట్టు. లేకుంటే పడవ పోతాది, మీ బట్ట డబ్బు మేమిస్తాము," అంది.

వెంకటరవణప్ప పొలం నుంచి వచ్చి సంగతి విన్నాడు. కాళ్ళు కడుక్కొని వచ్చి జోలెలోకి తొంగి చూసి, "పడవ చూసేదానికి వాళ్ళను ఈ వారం రావద్దని చెప్తా," అన్నాడు.

కొత్త తెరచాపను మేము ఆమెకోసం కుట్టాం. కొలతలు పడవవి, కానీ పనులన్నీ ఆమె చేతులకు సరిపడేలా చూశాం. నడిమి కట్లకు సన్నటి తాడు మానేసి, వెడల్పాటి మెత్తటి పట్టీ పెట్టాం. సన్నటి తాడు తడిస్తే ముడి రాయి అవుతుంది. పట్టీని ఒక్క కొస లాగితే ఊడే ముడి వేసుకోవచ్చు. పట్టీని బూమ్ చుట్టూ కాకుండా, వీలైన చోటల్లా మడిచిన బట్ట చుట్టూనే కట్టమని చెప్పాం. ఎవరైనా పొరపాటున బిగించినా తెరచాప చిరగదు. ముందు కొస రింగును పెద్దది చేశాం, చీకట్లో తడిమినా దొరికేలా.

హాలియార్డ్‌ను ఎంత దించాలో గుర్తు ఉండాలి. లేకపోతే చీకట్లో ఎక్కువ దించడం, మళ్ళీ లాగడం, ఈలోపు బట్ట కొట్టుకోవడం. అందుకని తాడు మీద రంగు దారం చుడతాం. ఏ రంగులు కావాలని అడిగితే రత్నమ్మ ఆలోచించకుండా చెప్పింది. "మొదటి మెట్టుకు పసుపు. రెండోదానికి కుంకుమ. ఆ వరస ఎవరూ మరిచిపోరు."

వినాయక చవితికి ముందు వాళ్ళు మళ్ళీ వచ్చారు. ఈసారి రత్నమ్మ పెరట్లోకి దిగే ముందు కుర్చీ ఒకటి తెచ్చి స్తంభానికి దూరంగా వేసింది. "నువ్వు ఈడ కూర్చోప్పా. చేతులు కట్టుకో. నోరు కూడా," అంది.

"తాడన్నా పట్టుకోనీ…"

"నీళ్ళల్లో పడినోడు తాడు పట్టుకుంటాడా? సుమ్నె, ఊరికే కూర్చో."

గోవిందప్ప మళ్ళీ పగలబడి నవ్వాడు. ఆమె హాలియార్డ్‌ను తనే వదిలింది. పసుపు దారం చేతికి వచ్చేదాకా దించి ఆపింది. ముందు కొస తగిలించింది. మళ్ళీ బిగించింది. వెనక కొస తాడును రెండు చేతులతో, ఒళ్ళు వెనక్కి వాల్చి లాగి కట్టింది. జోలెను నొక్కినట్టు బట్టను ఒకసారి అరచేత్తో నొక్కి చూసింది. అప్పుడు నడిమి పట్టీలు, వదులుగా. గాలి వచ్చింది. చిన్నదైన తెరచాప గుండ్రంగా నిండి అలాగే నిలబడింది. కుర్చీలో వెంకటరవణప్ప చేతులు ఎప్పుడో విప్పి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ముందుకు వంగి చూస్తున్నాడు.

విప్పడం ఎలాగో కూడా అడిగింది. చాలామంది అడగరు, తెరచాపలు ఎక్కువగా చిరిగేది అక్కడే. విప్పేటప్పుడు వరస తిరగబడుతుంది. నడిమి పట్టీలు అన్నీ ముందు, ఒక్కటి కూడా మరవకుండా. తర్వాత వెనక కొస. చివరికి ముందు కొస. ఆయన కండువాతో ఆమె కళ్ళకు గంతలు కట్టుకొని మొత్తం ఇంకోసారి కట్టి విప్పింది. ఒక పట్టీ మరిచిపోయి, హాలియార్డ్ మీద చేయి వేసే ముందు తనే గుర్తు తెచ్చుకొని వెనక్కి వచ్చింది.

"వస్తానప్పా," అంది గంతలు తీస్తూ, ఆయన కుర్చీ వైపు చూసి. ఆయన లేచి పోయి కారు స్టార్ట్ చేశాడు. ఎక్కడికో తెలియదు. కాసేపటికి మా అందరికీ బజ్జీలు పట్టుకొని వచ్చాడు.

పోయే ముందు నేను ఆమెకు రెండే మాటలు చెప్పాను. నడిచే పడవలో స్తంభం దగ్గరికి పోయే ముందు ఒంటికి పట్టీ తొడుక్కొని, దాని కొక్కేన్ని పడవకు తగిలించుకోవాలి, సముద్రం అద్దంలా ఉన్నా సరే. రెండోది, రీఫ్ కట్టాలా వద్దా అన్న అనుమానం మొదటిసారి ఎప్పుడు వస్తే అప్పుడే కట్టేయాలి. గాలి ముదిరాక కట్టడం కష్టం. ముందే కట్టి, గాలి రాకపోతే, విప్పుకోవడం ఎంతసేపు?

నవంబరు తర్వాత వాళ్ళు గోవా నుంచి బయల్దేరారని తెలుసు. నేను భయపడకుండా ఉండలేదు. ఫోన్లో వాతావరణాన్ని పాప జ్వరం చూసినట్టు చూసేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం షెడ్డులో ఉండగా రత్నమ్మ ఫోన్ వచ్చింది. మల్పె రేవులో ఉన్నామంది.

"నిన్న పొద్దు మునిగే ముందర అమ్మా, గట్టు పక్క మబ్బు నల్లగా లేచె. ఆయప్ప పండుకొని ఉండాడు. నాకు మనసులో అనుమానం వచ్చె. రాంగనే ఒంటికి పట్టీ తగిలించుకొని పోయి పసుపు కట్టేసినా. ఒక్కదాన్నే."

"గాలి వచ్చిందా?"

"యాడిది! ఆకు కదల్లా. ఆయప్ప లేచి చూసి, గాలే లేదు కదా, నడక తగ్గిపోయె, ఎవరు కట్టమన్నారని తిట్టె. తిట్టనీ అని నేను పోయి పండుకొంటి. పడవ ఎక్కినాక అంత మంచి నిద్ర నాకు నిన్ననే."

"పొద్దున విప్పారా?"

"విప్పినా. నడిమివి ముందు, ఎనకది ఆమింద, ముందరిది కడాకు." వెనక ఏదో గొంతు వినిపించింది. ఆమె నవ్వింది. "ఇదో, ఆయప్ప అడుగుతాండాడు. ఈ పొద్దు రాత్రికీ పసుపు కట్టేద్దామా అని."

వాళ్ళు కొచ్చి చేరారు. దారిలో కుంకుమ దాకా పోయే గాలి ఒక్కసారే వచ్చిందట. దాని గురించి రత్నమ్మ పెద్దగా చెప్పలేదు. అప్పటికే కట్టేసి ఉందంది, అంతే.

ఈ పని ఇన్నాళ్ళు చేసి నేను పడవ పొడవు, స్తంభం ఎత్తు, బట్ట బరువు అడగడం నేర్చుకున్నాను. రత్నమ్మ తర్వాత ఇంకో ప్రశ్న చేరింది. ఎవరు తెరచాప కోసం ఫోన్ చేసినా, కొలతలు రాసుకున్నాక అడుగుతాను. "మీ పడవలో అందరికన్నా బలం తక్కువ ఎవరికి? వాళ్ళతో ఒకసారి మాట్లాడవచ్చా?" కొందరు నవ్వుతారు. కొందరు "ఉండండి, పిలుస్తాను" అంటారు. తెరచాపను ఆ రెండో గొంతు కోసం కుడతాం. బలమున్నవాళ్ళు దాంతో ఎలాగూ సర్దుకుంటారు.

ఇంట్లో కూడా ఒకటి మారింది. భయం నాకు ఇప్పటికీ వస్తుంది. మంచం అంచున పాప దొర్లుతుందేమో అనిపిస్తే, ఇదివరకు గంటసేపు అదే ఆలోచిస్తూ పడుకునేదాన్ని. ఇప్పుడు లేచి ఒక దిండు అడ్డం పెట్టి వస్తాను. చాలాసార్లు పాప అటు దొర్లనే దొర్లదు. పొద్దున ఆ దిండు తీసి పక్కన పెడతాను, పసుపు దారం దగ్గర కట్టిన రీఫ్ విప్పినట్టు.